డిగ్రీ తరువాత చదువు: కళలు, విజ్ఞాన శాస్త్రాలలో మార్గాలు

పాఠం 17

17.1 పరిచయం

గత పాఠంలో మీరు సీనియర్ సెకండరీ తరువాత చేరదగిన వృత్తి విద్యా కోర్సులను గురించి తెలుసుకున్నారు. ఈ పాఠంలో బి.ఎ., బి.ఎస్‌సి. మీదుగా ఎం.ఎ., ఎం.ఎస్‌సి., ఆపైన పరిశోధన వరకు సాగే మార్గాన్ని పరిశీలిద్దాం.

మీలో చాలామంది మధ్యలో ఆగిపోయిన చదువును కొన్నేళ్ల తరువాత మళ్లీ మొదలుపెట్టినవారు. "ముందు ఈ పరీక్ష గట్టెక్కితే చాలు, ఎం.ఎ. సంగతి తరువాత చూద్దాం" అని మీకు అనిపించవచ్చు. అది సహజమే. కాని ఒక విషయం గమనించండి. భౌతికశాస్త్రంలో ఎం.ఎస్‌సి. చేయాలంటే డిగ్రీలో భౌతికశాస్త్రం, గణితం చదివి ఉండాలి. డిగ్రీలో వాటిని తీసుకోవాలంటే సాధారణంగా పన్నెండవ తరగతి స్థాయిలో వాటిని చదివి ఉండాలి. అంటే, ఐదారేళ్ల తరువాత మీరు అడుగుపెట్టదలచిన తరగతికి, ఈ సంవత్సరం మీరు ప్రవేశ పత్రంలో రాసే సబ్జెక్టులకు నేరుగా సంబంధం ఉంది. అందువల్ల మెట్లు ఎక్కేది కింది నుంచే అయినా, దారిని ఒకసారి పై నుంచి కిందికి చూసుకోవడం అవసరం.

17.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఉన్నత విద్యలోని మెట్లను, ఒక్కొక్క మెట్టుకు కావలసిన అర్హతను చెప్పగలుగుతారు.
• కళలు, విజ్ఞాన శాస్త్రాలలో స్నాతకోత్తర కోర్సుల మధ్య గల తేడాలను వివరించగలుగుతారు.
• దూరవిద్య ద్వారా పొందే పట్టా ఎప్పుడు చెల్లుతుందో, ఎప్పుడు చెల్లదో గుర్తించగలుగుతారు.
• మీ పరిస్థితికి తగిన మార్గాన్ని ఎంచుకోగలుగుతారు.

17.3 ఉన్నత విద్యలోని మెట్లు

పన్నెండు సంవత్సరాల పాఠశాల విద్య తరువాత వచ్చేది మొదటి డిగ్రీ. బి.ఎ., బి.ఎస్‌సి., బి.కాం. ఈ కోవలోనివి. డిగ్రీ పూర్తి చేసినవారిని పట్టభద్రులు అంటారు. ఆ తరువాతి మెట్టు స్నాతకోత్తర విద్య. దీనినే మనం వాడుకలో పి.జి. అంటాం. ఎం.ఎ., ఎం.ఎస్‌సి. ఇందులోనివి. అన్నిటికన్నా పై మెట్టు పరిశోధన చేసి పొందే పిహెచ్.డి.

చాలాకాలం పాటు మన దేశంలో డిగ్రీ అంటే మూడేళ్లు, పి.జి. అంటే రెండేళ్లు. 2020 జాతీయ విద్యా విధానం తరువాత నాలుగేళ్ల డిగ్రీ కూడా వచ్చింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యు.జి.సి., 2022 డిసెంబరులో ప్రకటించిన విధానం ప్రకారం 120 క్రెడిట్లతో మూడేళ్ల డిగ్రీ, 160 క్రెడిట్లతో నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీ లభిస్తాయి. క్రెడిట్ అంటే ఒక విషయాన్ని చదవడానికి వెచ్చించిన గంటలను లెక్కగట్టే కొలత. మూడేళ్ల డిగ్రీ ఉన్నవారికి పి.జి. రెండేళ్లు. నాలుగేళ్ల ఆనర్స్ ఉన్నవారికి ఒక సంవత్సరం పి.జి. కూడా పెట్టవచ్చునని ఈ విధానం చెబుతోంది. అయితే అన్ని విశ్వవిద్యాలయాలూ దీనిని ఒకేసారి అమలు చేయలేదు. మీరు చేరబోయే విశ్వవిద్యాలయంలో ఏది అమలులో ఉందో ప్రాస్పెక్టస్‌లో చూసుకోవాలి.

ఈ విధానంలో మీవంటి అభ్యాసకులకు మేలు చేసే అంశం మరొకటి ఉంది. డిగ్రీని మధ్యలో ఆపవలసి వస్తే, ఒక సంవత్సరం పూర్తి చేసినవారికి సర్టిఫికెట్, రెండేళ్లు పూర్తి చేసినవారికి డిప్లొమా ఇచ్చే వీలు కల్పించారు. సంపాదించిన క్రెడిట్లను 2021లో ప్రారంభమైన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో జమ చేసుకుని, నిబంధనలకు లోబడి తిరిగి కొనసాగించవచ్చు.

చదువు మధ్యలో ఆగడం అంటే చదువు ముగిసిపోవడం కాదు. డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ జీవితం ఇందుకు ఉదాహరణ. ఆయన 1912లో బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రాలతో బి.ఎ. పట్టా పొందారు. 1915లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎం.ఎ. చేశారు. తరువాత లండనులో చదువుతుండగా, బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకారవేతనం గడువు ముగియడంతో 1917లో భారతదేశానికి తిరిగి రావలసి వచ్చింది. ఆయన బొంబాయిలో అధ్యాపకుడిగా పనిచేసి, 1920లో మళ్లీ లండను వెళ్లి 1921లో ఎం.ఎస్‌సి., 1923లో డి.ఎస్‌సి. పూర్తి చేశారు. ఆగిన చోటు నుంచే ఆయన మళ్లీ మొదలుపెట్టగలిగారు. బి.ఎ.లో చదివిన అర్థశాస్త్రమే చివరి వరకు ఆయన చదువుకు ఆధారంగా నిలవడం కూడా ఇక్కడ గమనించదగినది.

పాఠ్యగత ప్రశ్నలు 17.1
ఖాళీలను పూరించండి.
1. డిగ్రీ తరువాతి మెట్టును ............ విద్య అంటారు.
2. మూడేళ్ల డిగ్రీకి ............ క్రెడిట్లు కావాలి.
3. అంబేడ్కర్ డి.ఎస్‌సి. పట్టా పొందిన సంవత్సరం ............

17.4 కళలలో స్నాతకోత్తర విద్య

"కళలు" అనగానే చిత్రలేఖనం, సంగీతం మాత్రమే అనుకోకండి. విశ్వవిద్యాలయ పరిభాషలో భాషలు, సాహిత్యం, చరిత్ర, తత్త్వశాస్త్రంతో పాటు అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం, సమాజశాస్త్రం, ప్రభుత్వ పాలనాశాస్త్రం వంటి సామాజిక శాస్త్రాలు కూడా ఈ విభాగంలోకే వస్తాయి. వీటిలో ఎం.ఎ. పట్టా ఇస్తారు.

ఎం.ఎ. ప్రవేశాలకు సంబంధించిన అర్హత నిబంధనలు స్థూలంగా రెండు రకాలు. మొదటి రకంలో, ఏ డిగ్రీ ఉన్నా చేరవచ్చు. చరిత్ర, రాజనీతిశాస్త్రం, సమాజశాస్త్రం, ప్రభుత్వ పాలనాశాస్త్రం వంటి వాటికి అనేక విశ్వవిద్యాలయాలు ఈ వెసులుబాటు ఇస్తాయి. బి.కాం. చదివినవారు ఎం.ఎ. సమాజశాస్త్రంలో చేరడం కొత్తేమీ కాదు. రెండో రకంలో, డిగ్రీలో ఆ సబ్జెక్టును చదివి ఉండాలి. ఎం.ఎ. తెలుగుకు సాధారణంగా డిగ్రీలో తెలుగును ఐచ్ఛికంగా గాని, కనీసం ద్వితీయ భాషగా గాని చదివి ఉండాలని అడుగుతారు. అర్థశాస్త్రానికి చాలాచోట్ల డిగ్రీలో అర్థశాస్త్రమో గణితమో కావాలి.

అర్థశాస్త్రం విషయంలో ఒక హెచ్చరిక. పేరున్న విశ్వవిద్యాలయాలలో ఎం.ఎ. స్థాయి అర్థశాస్త్రం గణితంతో, గణాంకాలతో నిండి ఉంటుంది. "నాకు లెక్కలు రావు, అందుకే ఆర్ట్స్ తీసుకున్నాను" అనేవారు దీనిని ముందే తెలుసుకోవడం మంచిది. లెక్కలు ఇష్టమైనవారు మాత్రం సీనియర్ సెకండరీలో గణితాన్ని వదలకుండా ఉంటే ఇక్కడ ఎంతో ముందుంటారు. చరిత్ర, అర్థశాస్త్రంతో పాటు గణితాన్ని కూడా తీసుకునే స్వేచ్ఛ సార్వత్రిక విద్యాలయం ఇస్తుంది. గ్రూపుల కట్టుబాటు ఉండే మామూలు కళాశాలలో అది కష్టం.

బోధనా మాధ్యమం గురించి కూడా ఆలోచించాలి. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలలో కొన్ని ఎం.ఎ. పరీక్షలను తెలుగులో రాసే వీలు ఉంటుంది. కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో బోధన ఎక్కువగా ఇంగ్లీషులోనే సాగుతుంది. కాబట్టి అక్కడ చేరదలచినవారు డిగ్రీ మూడేళ్లలో ఇంగ్లీషు పుస్తకాలు చదివే అలవాటు చేసుకోవాలి.

తెలుగు రాష్ట్రాల వెలుపల ఉంటున్న మీలో కొందరు, తెలుగు సాహిత్యం చదవాలంటే సొంత ఊరికి తిరిగి వెళ్లాలేమో అనుకోవచ్చు. అలా కానక్కరలేదు. మద్రాసు విశ్వవిద్యాలయం, బెంగళూరు విశ్వవిద్యాలయం, వారణాసిలోని బనారస్ హిందూ విశ్వవిద్యాలయం వంటి చోట్ల కూడా తెలుగు శాఖలు ఉన్నాయి.

17.5 విజ్ఞాన శాస్త్రాలలో స్నాతకోత్తర విద్య

భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, గణితం, గణాంకశాస్త్రం, భూగర్భశాస్త్రం మొదలైన వాటిలో ఎం.ఎస్‌సి. పట్టా ఇస్తారు. ఇక్కడ "ఏ డిగ్రీ అయినా సరే" అనే మాట చాలా అరుదు. రసాయనశాస్త్రంలో ఎం.ఎస్‌సి. చేయాలంటే బి.ఎస్‌సి.లో రసాయనశాస్త్రం ఉండాలి. బి.ఎ. చరిత్ర చదివినవారు ఎం.ఎస్‌సి. రసాయనశాస్త్రంలో చేరలేరు. కాని బి.ఎస్‌సి. రసాయనశాస్త్రం చదివినవారు ఎం.ఎ. చరిత్రలో అనేకచోట్ల చేరవచ్చు. సైన్సు నుంచి ఆర్ట్స్‌కు దారి ఉంది. ఆర్ట్స్ నుంచి సైన్సుకు దాదాపుగా లేదు. ఈ ఒక్క వాక్యాన్ని గుర్తుంచుకుంటే, సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడు చాలా పొరపాట్లు తప్పుతాయి.

విజ్ఞాన శాస్త్రాలకు ప్రయోగశాల తప్పనిసరి. ఇంట్లో పుస్తకం చదివి రసాయనశాస్త్రం పూర్తి చేయలేం. దూరవిద్యలో కూడా ప్రయోగాల తరగతులకు నిర్ణీత రోజులలో అధ్యయన కేంద్రానికి వెళ్లాలి. రోజుకూలి మీద బతికేవారు, చిన్నపిల్లలున్న తల్లులు ఆ రోజులను ముందుగా లెక్క వేసుకోవాలి. గణితానికి ఈ ఇబ్బంది లేదు. కాగితం, కలం, క్రమం తప్పని సాధన ఉంటే చాలు. అందువల్ల ఇంటి వద్ద చదివేవారికి విజ్ఞాన శాస్త్రాలన్నిటిలోకి అనుకూలమైనది గణితమే అని చెప్పవచ్చు.

పక్కపక్కనే ఉండే శాస్త్రాల మధ్య మారే వీలు కూడా ఉంటుంది. ప్రసిద్ధ గణాంకశాస్త్రవేత్త సి.ఆర్. రావు 1920లో నేటి కర్ణాటకలోని హడగలిలో ఒక తెలుగు కుటుంబంలో జన్మించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎం.ఎ. చేశారు. ఆ తరువాత కలకత్తాలో గణాంకశాస్త్రం చదివి 1943లో అందులోనూ ఎం.ఎ. పట్టా పొందారు. 2023లో, 102 ఏళ్ల వయస్సులో, ఆయనకు అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి లభించింది. గణితం అనే పునాది గట్టిగా ఉండడం వల్లనే ఆ మార్పు సాధ్యమైంది. ఈనాడు కూడా గణితం చదివినవారు గణాంకశాస్త్రం వైపు, అర్థశాస్త్రం వైపు, కంప్యూటర్ శాస్త్రం వైపు మళ్లగలుగుతున్నారు.

పాఠ్యగత ప్రశ్నలు 17.2
కింది వాక్యాలు తప్పో ఒప్పో చెప్పండి.
1. బి.ఎ. చరిత్ర చదివినవారు ఎం.ఎస్‌సి. రసాయనశాస్త్రంలో చేరవచ్చు.
2. దూరవిద్యలో విజ్ఞాన శాస్త్రాలకు ప్రయోగాల తరగతులు ఉండవు.
3. బి.కాం. చదివినవారిని ఎం.ఎ. సమాజశాస్త్రంలో చేర్చుకునే విశ్వవిద్యాలయాలు ఉన్నాయి.

17.6 దూరవిద్య: చెల్లే పట్టా, చెల్లని పట్టా

మన దేశంలో తపాలా ద్వారా డిగ్రీ చదువు 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో మొదలైంది. దేశంలోని మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో ఏర్పడింది. ఇప్పుడు దానిని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అంటున్నాం. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని, అంటే ఇగ్నోను, 1985లో పార్లమెంటు చట్టం ద్వారా నెలకొల్పారు. పొరుగు దేశాలలోనూ ఇటువంటివి ఉన్నాయి. పాకిస్తానులో 1974లో, శ్రీలంకలో 1980లో, బంగ్లాదేశ్‌లో 1992లో సార్వత్రిక విశ్వవిద్యాలయాలు స్థాపించారు. పని చేసుకుంటూ చదువుకునేవారి అవసరం ఈ ప్రాంతమంతటా ఒకటేనని దీనివల్ల తెలుస్తుంది.

గుర్తింపు పొందిన దూరవిద్యా డిగ్రీ, కళాశాలకు వెళ్లి చదివిన డిగ్రీతో సమానమని యు.జి.సి. 2022లో మరోసారి స్పష్టం చేసింది. ఇందులో ముఖ్యమైన మాట "గుర్తింపు పొందిన". ఒక విశ్వవిద్యాలయానికి పేరు ఉన్నంత మాత్రాన సరిపోదు. మీరు చేరే సంవత్సరానికి, మీరు చేరే కోర్సుకు, దూరవిద్య ద్వారా నడపడానికి యు.జి.సి. అనుమతి ఉండాలి. ఈ జాబితాను యు.జి.సి. దూరవిద్యా విభాగం ప్రకటిస్తుంది. రుసుము కట్టడానికి ముందే దానిని చూడండి. స్వయంగా చూడలేకపోతే మీ అధ్యయన కేంద్రం సమన్వయకర్తను అడగండి.

మెట్టు దాటవేయడం వల్ల కలిగే నష్టాన్ని కూడా తెలుసుకోవాలి. ఒకప్పుడు కొన్ని విశ్వవిద్యాలయాలు డిగ్రీ లేనివారిని కూడా వయస్సును బట్టి నేరుగా ఎం.ఎ.లో చేర్చుకునేవి. అన్నామలై విశ్వవిద్యాలయానికి సంబంధించిన కేసులో 2009లో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, మొదటి డిగ్రీ లేకుండా పొందిన ఎం.ఎ. యు.జి.సి. నిబంధనల ప్రకారం చెల్లదని చెప్పింది. అటువంటి పట్టా పొందినవారు పుస్తకాలు చదివారు, రుసుము కట్టారు, పరీక్షలు రాశారు. అయినా ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి ఆ పట్టా అక్కరకు రాలేదు.

ఈనాటికీ "వన్ సిట్టింగ్‌లో డిగ్రీ", "ఒక్క సంవత్సరంలో డిగ్రీ" అనే గోడ ప్రకటనలు, కరపత్రాలు మీకు కనిపించవచ్చు. మూడేళ్ల చదువును ఒక్క పరీక్షతో ముగించే పద్ధతి ఏదీ నిబంధనలలో లేదు. చదువు పోగొట్టుకున్న కాలాన్ని త్వరగా పూడ్చుకోవాలనే ఆరాటం మీకు ఉండడం సహజం. మోసం చేసేవారు ఆధారపడేది సరిగ్గా ఆ ఆరాటం మీదనే.

17.7 ప్రవేశ పరీక్షలు, పరిశోధన

పి.జి. ప్రవేశాలకు చాలాచోట్ల పరీక్ష రాయాలి. ముఖ్యమైనవి ఇవి:
• సి.యు.ఇ.టి.–పి.జి.: 2022 నుంచి జరుగుతోంది. హైదరాబాదు విశ్వవిద్యాలయం వంటి కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు ఉపయోగపడుతుంది.
• సి.పి.జి.ఇ.టి.: తెలంగాణ విశ్వవిద్యాలయాలకు. ఉస్మానియా విశ్వవిద్యాలయం నిర్వహిస్తుంది.
• ఎ.పి. పి.జి.సి.ఇ.టి.: ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాలకు.
• జామ్: ఐ.ఐ.టి.లలో ఎం.ఎస్‌సి. కోసం. గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, భూగర్భశాస్త్రం, అర్థశాస్త్రం వంటి ఏడు విషయాలలో జరుగుతుంది. దీనికి వయోపరిమితి లేదు.

కళాశాలలో అధ్యాపకులు కావాలన్నా, పరిశోధన చేయాలన్నా నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష ముఖ్యమైనది. పి.జి.లో 55 శాతం మార్కులు ఉండాలి. షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగలు, క్రీమీలేయరుకు చెందని వెనుకబడిన తరగతులు, వికలాంగులకు 50 శాతం చాలు. కాబట్టి "పాసయితే చాలు" అనే ధోరణి పి.జి.లో పనికిరాదు. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు నెట్‌లో వయోపరిమితి లేదు. పరిశోధనకు ఇచ్చే జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్‌కు మాత్రం వయోపరిమితి ఉంది. 2023 జనవరి నుంచి ఈ ఫెలోషిప్ మొత్తాన్ని నెలకు రూ. 37,000కు పెంచారు.

2022 నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులు పొందినవారు కూడా పిహెచ్.డి. ప్రవేశానికి అర్హులు. అయితే పిహెచ్.డి.ని దూరవిద్య ద్వారా చేయడానికి వీలు లేదు.

17.8 మీ మార్గాన్ని మీరే ఎంచుకోండి

ఇప్పుడు మూడు సందర్భాలను ఆలోచిద్దాం.

ఒకటి: ఒక అంగన్‌వాడీ కార్యకర్త. వయస్సు 34. పని మానలేరు. ఆమెకు దూరవిద్యలో బి.ఎ., ఆపై ఎం.ఎ. సమాజశాస్త్రం అనుకూలం. చేసే పని, చదివే సబ్జెక్టు ఒకదానికొకటి తోడ్పడతాయి.

రెండు: ఎలక్ట్రీషియన్‌గా పనిచేసే 22 ఏళ్ల యువకుడు. భౌతికశాస్త్రం మీద ఇష్టం. సులువుగా పాస్ కావచ్చునని సీనియర్ సెకండరీలో ఆర్ట్స్ సబ్జెక్టులు ఎంచుకోబోతున్నాడు. అలా చేస్తే భౌతికశాస్త్రం దారి ఇక్కడే మూసుకుపోతుంది. జాతీయ సార్వత్రిక విద్యాలయంలో నమోదు ఐదేళ్ల వరకు చెల్లుతుంది. తొమ్మిది పరీక్షా అవకాశాలు ఉంటాయి. కనుక అతడు భౌతికశాస్త్రం, గణితం తీసుకుని రెండు మూడు విడతలుగా పరీక్షలు రాయడం మేలు.

మూడు: భివండీలో మరమగ్గాల పని చేసే తెలుగు కుటుంబంలోని ఒక యువతి. జూనియర్ కళాశాలలో తెలుగు అధ్యాపకురాలు కావాలని కోరిక. ఆ ఉద్యోగానికి సంబంధిత సబ్జెక్టులోనే పి.జి. ఉండాలి. కాబట్టి "ఏ ఎం.ఎ. అయినా ఒకటే" అనుకోకుండా, డిగ్రీలోనే తెలుగు ఉన్న కోర్సును వెతుక్కోవాలి.

మీరు కూడా ఒక కాగితం తీసుకుని కింది ప్రశ్నలకు సమాధానాలు రాయండి.
1. నేను చివరకు చేరదలచిన కోర్సు లేదా ఉద్యోగం ఏది?
2. దానికి డిగ్రీలో ఏ సబ్జెక్టులు ఉండాలి?
3. ఆ డిగ్రీకి సీనియర్ సెకండరీలో ఏ సబ్జెక్టులు ఉండాలి? అవి నా దగ్గర ఉన్నాయా?
4. వారానికి ఎన్ని గంటలు చదవగలను? ప్రయోగశాలకు ఎన్ని రోజులు వెళ్లగలను?
5. ఇంట్లో ఎవరి సాయం కావాలి? వారితో మాట్లాడానా?

మూడో ప్రశ్నకు "లేవు" అని సమాధానం వస్తే నిరుత్సాహపడకండి. ఆ సబ్జెక్టును అదనంగా చేర్చుకోవడానికి ఇప్పుడు మీకు అవకాశం ఉంది. డిగ్రీ పూర్తయిన తరువాత ఈ లోటును పూడ్చుకోవడం దీనికన్నా ఎంతో కష్టం.

17.9 మీరు నేర్చుకున్నది

• ఉన్నత విద్యలో మొదటి డిగ్రీ, స్నాతకోత్తర విద్య, పరిశోధన అనే మెట్లు ఉన్నాయి.
• అనేక ఎం.ఎ. కోర్సులకు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. ఎం.ఎస్‌సి. కోర్సులకు సంబంధిత సబ్జెక్టు ఉండాలి.
• గుర్తింపు ఉన్న దూరవిద్యా డిగ్రీకి మామూలు డిగ్రీతో సమాన విలువ ఉంది. మెట్టు దాటవేసి పొందిన పట్టా చెల్లదు.
• ఇప్పుడు ఎంచుకునే సబ్జెక్టులే ముందు ముందు చేరగలిగే కోర్సులను నిర్ణయిస్తాయి.

17.10 పాఠాంత ప్రశ్నలు

1. ఎం.ఎ., ఎం.ఎస్‌సి. ప్రవేశ అర్హతలలోని ముఖ్యమైన తేడాను ఉదాహరణలతో వివరించండి.
2. దూరవిద్యా కోర్సులో చేరే ముందు ఏయే విషయాలు సరిచూసుకోవాలి?
3. మీకు తెలిసిన ఒకరు "వన్ సిట్టింగ్" డిగ్రీకి డబ్బు కట్టబోతున్నారు. వారికి మీరు ఏం చెబుతారు? పది వాక్యాలలో రాయండి.

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

17.1: 1. స్నాతకోత్తర 2. 120 3. 1923
17.2: 1. తప్పు 2. తప్పు 3. ఒప్పు